కదలని ఓడలో కొలువు

మెదక్‌లో నన్ను కొత్తవాళ్ళకు పరిచయం చేసేటప్పుడు "ఓడల పనిచేసిండు" అంటారు. వినగానే అవతలి మనిషి కళ్ళు పెద్దవవుతాయి. ఏయే దేశాలు తిరిగిండ్రని అడుగుతారు. నేను ఏ దేశమూ తిరగలేదు. ఇరవై నాలుగేళ్ళు ఓడ మీద ఉన్నాను, ఆ ఓడ ఉన్నచోటు నుంచి కదలకుండా ఉండడమే దాని పని. ఈ ముక్క చెప్పగానే పెద్దవైన కళ్ళు మళ్ళీ మామూలైపోతాయి. బస్టాండు దగ్గర టీ హోటలాయన ఒకసారి "గదేం ఓడ సార్, గదొక ఇల్లు గంతే" అన్నాడు. నాకు ముక్కు మీద కోపం. టీ సగంలో వదిలేసి వచ్చాను. తర్వాత ఆలోచిస్తే ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. మర్నాడు మళ్ళీ అక్కడికే వెళ్ళి పూర్తి టీ తాగాను.

దాన్ని లైట్‌షిప్ అంటారు. నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలుంటాయి. ఓడలు వాటిని తప్పించుకుంటూ లోతైన దారిలో రావాలి. ఆ దారి మొదలయ్యే చోట లైట్‌హౌస్ కడదామంటే నేల లేదు. అందుకని ఒక ఎర్ర ఓడను తెచ్చి, ఇంత లావు గొలుసుతో లంగరు వేసి, దాని నడుమ పొడుగాటి స్తంభం మీద పెద్ద దీపం పెట్టారు. ఆ ఓడకు నడిచే ఇంజను లేదు. ఎక్కడికైనా తీసుకుపోవాలంటే టగ్గు వచ్చి ఈడ్చుకుపోవాలి. ఉన్న ఇంజన్లన్నీ దీపానికి కరెంటు ఇచ్చే జనరేటర్లే. వాటికి నేను మెకానిక్‌ని. ఆరు వారాలు ఓడ మీద, మూడు వారాలు ఇంటి దగ్గర. నా భార్యకు ఇది మొదటి నుంచీ వేళాకోళమే. "పొయ్యేది లేదు, వచ్చేది లేదు, ఆ ఓడకు మళ్ల మెకానిక్ ఒకడు" అనేది, సంచిలో బట్టలు సర్దుతూ.

నీళ్ళ మనిషిని కాను నేను. మాది నిజాంపేట వైపు పల్లె. బావుల మీద ఆయిలింజన్లు నడిచే కాలం అది. మెదక్‌లో ఒక రిపేరు షాపులో పని నేర్చుకున్నాను. ఇంజను దగ్గు వినే దాని రోగం చెప్పేవాణ్ణి. బావులకు కరెంటు మోటార్లు వచ్చాక ఆయిలింజన్లు ఒక్కొక్కటీ పాత ఇనుప సామాన్ల వాళ్ళకు పోయాయి, వాటి వెనకే మా షాపు కూడా. డీజిల్ మెకానిక్ కావాలని పేపర్లో పడితే అర్జీ పెట్టాను. ఉద్యోగం సముద్రం మీదని పిలుపు వచ్చాకే తెలిసింది. చెరువులో ఈత వచ్చు కదా అని ధైర్యం చెప్పుకున్నాను. మొదటి ఆరు వారాల్లో ఏం తిన్నానో గుర్తులేదు, ఏదీ కడుపులో నిలవలేదు. ఓడ ముందుకు పోదు గానీ పైకీ కిందికీ, కుడికీ ఎడమకూ తెగ ఊగుతుంది. పోయే ఓడ కంటే నిలబడ్డ ఓడే ఎక్కువ ఊగుతుందని అప్పుడే తెలిసింది.

ఆ రోజుల్లో ఓడకు పెద్దదిక్కు మాస్టరు, అంటే కెప్టెను. గోదావరి వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. కోపం వచ్చినా గొంతు పెంచేవాడు కాదు. అందరిలో నేనొక్కణ్ణే తెలంగాణవాణ్ణి కాబట్టి నా పేరు వదిలేసి "మెదక్కూ" అని పిలిచేవాడు. నా మాట విని నవ్వేవాడు, కానీ ఎక్కిరించేవాడు కాదు. నాకు వాంతులవుతున్నప్పుడు ఉప్పూ నిమ్మకాయా తానే తెచ్చి ఇచ్చాడు. మా ఊరి జొన్నరొట్టె గురించి అడిగి చెప్పించుకుని, ఒడ్డు నుంచి జొన్నపిండి తెప్పించాడు. వంటాయన దాన్ని పూరీలా నూనెలో వేస్తే, నేనే పోయి చేత్తో చరిచి చూపించాల్సి వచ్చింది.

మాస్టరుకు ఒక పద్ధతి ఉండేది. రోజూ పొద్దున్నా సాయంత్రం దూరంగా ఒడ్డు మీదున్న లైట్‌హౌస్‌నీ, ఇంకో రెండు గుర్తుల్నీ దిక్సూచితో చూసుకుని మనం ఎక్కడున్నామో లెక్క కట్టేవాడు. ఆ తర్వాత తన గది తలుపు పక్కన వేలాడే పలక మీద సుద్దముక్కతో "చోటు మీదే" అని రాసేవాడు. రోజూ అదే మాట. నిన్నటి మాటను తుడిచి, మళ్ళీ అదే మాట రాయడం. మొదట్లో నాకిది చాదస్తంలా ఉండేది. గొలుసు కట్టిన బర్రె ఎక్కడికి పోతుందని నవ్వుకునేవాణ్ణి.

మూడో ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. అప్పటికి నాది ఇంకా టెంపరరీ ఉద్యోగమే. ఏడాదికోసారి పొడిగించేవాళ్ళు. ఆ ఏడు పర్మనెంటు చేస్తారని కబురు. మెదక్‌లో కిరాయి ఇల్లు తీసుకున్నాం, నా భార్యకు ఆరో నెల. ఇంజన్ల షాపు మూతపడ్డాక వెనక్కి పోవడానికి నాకు ఏ పనీ మిగలలేదు. ఈ ఉద్యోగం నిలిస్తే మేం నిలుస్తాం, పోతే పోతాం.

రెండు రోజులు గాలి ఓడను కుక్క గుడ్డపీలికను విదిలించినట్టు విదిలించింది. రెండో రోజు మధ్యాహ్నానికి మబ్బు పలచబడి ఒడ్డు కనిపించింది. మాస్టరు దిక్సూచి దగ్గర నిలబడి ఒకసారి చూశాడు, మళ్ళీ చూశాడు, మూడోసారి కూడా చూశాడు. తర్వాత పలక తుడిచి "చోటు తప్పాం" అని రాశాడు. లంగరు ఈడ్చుకుపోయింది. మేం మైలుకు పైగా జరిగిపోయాం. రేడియోలో పోర్టుకు చెప్పాడు. సముద్రం తగ్గితే గానీ టగ్గు రాదన్నారు. పగటిపూట చోటు తప్పిన గుర్తుగా రెండు పెద్ద నల్ల బంతులు పైకి వేలాడదీశాం. పొద్దు వాలుతుండగా వాటి బదులు ముందొకటి వెనకొకటి చిన్న ఎర్ర లైట్లు పెట్టాం. అప్పుడు మాస్టరు నాతో అన్నాడు, పెద్ద దీపం వెలిగించొద్దని. ఇప్పటికే వెలిగితే ఆర్పెయ్యమని.

అప్పటికే వెలుగుతోంది. వెళ్ళి ఆర్పాను. అందరూ ముందువైపు గొలుసు పనిలో ఉన్నారు. నేనొక్కణ్ణే జనరేటర్ల దగ్గర ఉన్నాను. గుండ్రటి కిటికీలోంచి చూస్తే బూడిద రంగు నీళ్ళు, వాటి మీద తుఫానుకు చెదిరిన చేపల పడవలు రెండు కనబడ్డాయి. ఇంటికి పోతున్నాయి. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఏడుపాయల జాతరకు మా నాయన బండి కట్టి జనాన్ని తీసుకుపోయేవాడు. ఆయన తిరిగి వచ్చే దాకా అమ్మ చూరుకు కందిలి వేలాడదీసి ఉంచేది. వాన వచ్చినా, కిరసనాయిలు అయిపోవస్తున్నా తీయనిచ్చేది కాదు. "మనిషి తొవ్వల ఉండంగ దీపం తియ్యద్దు బిడ్డా" అనేది. మా ఇంట్లో దీపాన్ని ఆర్పడమనే మాటే అనేవాళ్ళు కాదు, కొండెక్కించడమనేవాళ్ళు. అటువంటి ఇంట్లో పుట్టి, మనుషులు నీళ్ళ మీద ఉండగా నా చేత్తో నేనే దీపం తీశాను. మాస్టరు గాలివానకు అలిసిపోయి ఏదో పొరపాటు పడ్డాడనుకున్నాను. చెప్పకుండా స్విచ్చి వేశాను.

ఇరవై నిమిషాలు వెలిగింది. చేపల పడవలు మా దీపాన్ని చూడనైనా చూడలేదు, వాళ్ళకు ఆ నీళ్ళు తమ పెరడే. కానీ దూరం నుంచి ఒక పెద్ద సరుకు ఓడ చూసింది. మేం చోటు తప్పిన కబురు దానికి అందలేదట. మా దీపం వెలిగిన తీరు చూసి, ఇదే లోతు దారి మొదలు అనుకుని మా వైపు తిరిగింది. దానికీ మాకూ మధ్య ఇసుక మేట ఉంది.

మాస్టరు పరిగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. మెట్లు దిగి వచ్చి, నన్ను పక్కకు జరిపి, స్విచ్చి లాగేసి మళ్ళీ పైకి పరిగెత్తాడు. నేనూ వెనకే వెళ్ళాను. రేడియోలో ఆ ఓడను పిలుస్తూనే ఉన్నాడు, నా దీపాన్ని నమ్మొద్దు, నేను చోటు తప్పాను అని ఇంగ్లీషులో మళ్ళీ మళ్ళీ. ఎర్ర రాకెట్టు కాల్చారు. ఆ ఓడ ఆగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నల్లగా, కొండంతగా పెరుగుతూ వచ్చి, చివరికి వెనక్కి తన్నుకుని, మేటకు అవతలే లంగరు వేసింది.

మాస్టరు నన్ను గదిలోకి పిలిచాడు. తిట్టలేదు. ఎందుకు వెలిగించావని అడిగాడు. నేను దాచకుండా అమ్మ గురించి, చూరుకు కట్టిన కందిలి గురించి అంతా చెప్పాను. చివరి దాకా విన్నాడు.

"మీ అమ్మగారి ఇల్లు కదల్లేదు కదయ్యా" అన్నాడు.

మళ్ళీ ఆయనే అన్నాడు. "దీపం కనపడకపోతే ఓడ ఆగుతుంది. భయపడుతుంది, జాగ్రత్త పడుతుంది. తప్పు చోట కనపడిందనుకో, నమ్మి వచ్చేస్తుంది. నమ్మి వచ్చినవాణ్ణి ముంచకూడదు."

జరిగింది లాగ్ పుస్తకంలో రాయక తప్పదనీ, వెళ్ళి పడుకోమనీ చెప్పాడు. లాగ్ పుస్తకమంటే ఓడ మీద జరిగిన ప్రతిదీ రాసే పుస్తకం. నెలకోసారి ఆఫీసుకు పోతుంది, పెద్దవాళ్ళు చదివి తిప్పి పంపుతారు. నా పేరు అందులో పడితే పర్మనెంటు మాట అటుంచి, పొడిగింపు కూడా ఉండదు.

టగ్గు వచ్చి ఓడను మళ్ళీ చోటు మీద పెట్టింది. నేను సెలవు మీద మెదక్ వచ్చి మొత్తం నా భార్యకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె చాట పక్కన పెట్టి, "ఉన్నదున్నట్టు రాస్తే రాయనీ. చేసింది నువ్వే గద" అంది. మంచి మాటే, కానీ ఆ మూడు వారాలు పోస్టుమాను సైకిల్ గంట వినబడితే ఇద్దరం మాటలాపేసేవాళ్ళం. చివరికి కవరు వచ్చింది. నేను తెరవలేదు, ఆమె చింపింది. నన్ను పర్మనెంటు చేశారు.

మాస్టరు రాయడం మరిచిపోయి ఉంటాడనుకున్నాను. లేదా పోనీలే అని వదిలేసి ఉంటాడు. మరిచిపోయినవాడికి మనమే గుర్తు చేయడమెందుకని నోరు మూసుకున్నాను. అడగలేదు, దండం కూడా పెట్టలేదు. రెండు మూడు నెలలకు ఆయనను ఓడ మీద నుంచి తీసి ఒడ్డు మీద స్టోర్సులో వేశారు. ఇంజనాయిలు డబ్బాలూ, తాళ్ళూ, రంగు డబ్బాలూ ఇచ్చే పని. నాకు లోపల కడుపుమంట. మేమంతా ఊగుతుంటే ఈయన ఒడ్డెక్కాడు కదా అని. భోజనాల దగ్గర పదిమందిలో అన్నాను, "నసీబున్నోడు, నీడపట్టున కూసున్నడు" అని. అందరూ నవ్వారు. మాట గట్టిగా అనడం నాకు అలవాటు.

ఆయిలు కోసం స్టోర్సుకు పోయినప్పుడల్లా మాస్టరు టీ తెప్పించేవాడు. ఒక్కటే అడిగేవాడు, "మెదక్కూ, చోటు మీదే ఉన్నామా?" అని. "ఉన్నం సార్" అనేవాణ్ణి. కొన్నేళ్ళకు అక్కడే రిటైరై ఊరికి వెళ్ళిపోయాడు.

ఓడ నాకు చాలా ఇచ్చింది. చెప్పుకోకపోతే పాపం తగులుతుంది. కోట కింద మెదక్‌లో ఇల్లు కట్టుకున్నాం. డాబా ఎక్కితే చర్చి శిఖరం కనిపిస్తుంది. అమ్మాయి చదువుకుని టీచరైంది. అమ్మకు దవాఖానలో కంటి ఆపరేషన్ చేయించాను. ఇంకా ముఖ్యమైనది, నా కోపాన్ని సముద్రమే కొంత అరగదీసింది. ఎక్కడికీ పోలేని చోట పన్నెండుమంది మనుషులం, అలిగి ఎటు పోతాం? ఎన్ని ఓడలు మా పక్క నుంచి పోయాయో లెక్క లేదు. ఒక్కటి కూడా మా పేరు అడగలేదు. ఒకసారి మాత్రం ఏదో దేశం ఓడ మూడుసార్లు హారన్ కొట్టి, దాని మీద ఒకాయన టోపీ తీసి ఊపాడు. ఎందుకో తెలియదు. వారం రోజులు మేం దాని గురించే మాట్లాడుకున్నాం.

తర్వాత సోలార్ దీపం పెట్టిన బోయ వచ్చింది, నీళ్ళ మీద తేలే పెద్ద పీపా. మనుషులు అక్కర్లేదు, జనరేటర్లు అక్కర్లేదు, జొన్నరొట్టె అసలే అక్కర్లేదు. మా ఓడకు రిటైర్మెంటు అన్నారు. నాకు కూడా దగ్గర పడింది, ఇద్దరం ఒకేసారి దిగాం. ఆఖరి సాయంత్రం బోయ దీపం వెలగడం చూసుకుని, మా దీపం తీయమన్నారు. నేనే తీశాను. పైకి వచ్చి, పలక తుడిచి, "చోటు మీదే" అని నేనే రాశాను. ఎవరూ కాదనలేదు.

పోర్టుకు తెచ్చాక సామాను దింపుతుంటే పాత లాగ్ పుస్తకాల పెట్టెలు నా వంతుకు వచ్చాయి. తుఫాను ఏడు పుస్తకం వెతికాను. మాస్టరు రాత చూడగానే గుర్తుపట్టాను. ఆ సాయంత్రం కింద నాలుగు వరుసలు ఉన్నాయి. చోటు తప్పిన తర్వాత పెద్ద దీపం ఇరవై నిమిషాలు చూపబడింది. నా ఆజ్ఞ మీదనే చూపబడింది. ఆ నిర్ణయం తప్పు. బాధ్యత నాది. కింద సంతకం ఉంది. పక్కన ఎర్ర సిరాతో ఎవరో పెద్దాఫీసరు రాశాడు, ఈయనకు ఇక ఓడ అప్పగించవద్దు, ఒడ్డు పనికి మార్చాలి అని.

పెట్టె మీద కూర్చుండిపోయాను. మొదట సిగ్గు వచ్చింది. నీడపట్టున కూసున్నడు అన్న నా మాటే నా చెవిలో పడుతోంది. ఒక్క అంకె తప్పు రాయని మనిషి, జీవితంలో ఒక్క అబద్ధం రాశాడు. అది నా కోసం రాశాడు. దానికి తన ఓడ ఇచ్చేశాడు. అన్నేళ్ళు ఆయన తెప్పించిన టీ తాగాను నేను.

నంబరు సంపాదించి ఫోన్ చేశాను. నా భార్య ఫోన్ లాక్కుని, "అన్నా, మీరు ఒక్కసారి మెదక్ రావాలె. ఈయన ఫోన్‌ల చెప్పలేడు" అంది.

చలికాలంలో వచ్చాడు, మనవరాలి తోడుతో. బాగా వంగిపోయాడు. వాళ్ళు సికింద్రాబాద్‌లో బస్సు ఎక్కినప్పటి నుంచీ నా భార్య పట్టపగలే వాకిట్లో లైటు వేసి ఉంచింది. ఆయన ఆటో దిగి, వెలుగుతున్న ఆ బల్బు వైపు చూసి, మా అమ్మ పద్ధతేనా అని అడిగాడు.

"అవునన్నా. మా ఇల్లు కదల్లేదు గద" అంది నా భార్య.

ఆయన గట్టిగా నవ్వాడు. అంత గట్టిగా నవ్వడం ఓడ మీద ఎప్పుడూ వినలేదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టాం. పళ్ళు సరిగా లేవు, పులుసులో నానేసుకుని తిన్నాడు.

మర్నాడు పొద్దున డాబా మీద ఎండలో కూర్చున్నాం. నేను ఎక్కువసేపు కూర్చోలేకపోయాను, ఆయన కాళ్ళు పట్టుకున్నాను. పుస్తకం చూసిన, ఎందుకట్ల రాసిండ్రు సార్, అని అడిగాను. ఆయన నన్ను లేపడానికి ప్రయత్నించి, కుదరక, భుజం మీద చేయి వేశాడు.

"నీ పేరు రాస్తే నువ్వు ఇంటికి పోయేవాడివి. నా పేరు రాస్తే నేను స్టోర్సుకు పోయాను. అంతే కదా" అన్నాడు. తర్వాత చర్చి శిఖరం వైపు చూస్తూ, "నీడ బాగానే ఉండేదిలే, నువ్వన్నట్టే" అన్నాడు.

ఆ మాట ఎవరో ఆయన చెవిన వేశారన్నమాట. విని కూడా అన్నేళ్ళు టీ తెప్పించాడు. నాకు ఏడుపు ఆగలేదు.

కిందికి దిగుతుంటే మెట్ల పక్క గోడ మీద పలక కనిపించింది. ఓడను పాత ఇనుముకు ఇచ్చేముందు అడిగి తెచ్చుకున్నాను, ఆఖరి రోజు రాత చెరగకుండా అద్దం బిగించాను. ఆయన ఆగి, కళ్ళజోడు సరిచేసుకుని, ఆ రెండు మాటలూ చాలాసేపు చదివాడు. రాత నాదని పోల్చుకున్నాడు. అప్పుడు నా వైపు తిరిగి, స్టోర్సు కిటికీలోంచి అడిగినట్టే అడిగాడు.

"మెదక్కూ, చోటు మీదే ఉన్నామా?"

"ఉన్నం సార్" అన్నాను. "మీరు నిలవెట్టిన చోటు మీదనే ఉన్నం."